తిమ్మయ్య తాత ఒప్పుకోని కొయ్యకాలు

తిమ్మయ్య తాత అనుమానపడని వస్తువు మైదుకూరులో లేదు. కర్నూలు రాజధాని అయిందని రేడియో చెబితే, "ఇందులో ఏదో మతలబు ఉండాది" అని బస్సెక్కి వెళ్ళి స్వయంగా చూసొచ్చాడు. చదివింది వీధిబడిలో ఐదో తరగతి. "లెక్కల్లో ఇన్స్పెక్టరు దొరతోనే శబాష్ అనిపించుకున్నోణ్ణి. ఎద్దుల పరసలో నాకు ముసలెద్దును అంటగట్టే మొగోడు ఈ సీమలో పుట్టలేదప్పా!" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

ఆయన మనవడు పుల్లన్న ఇంజనీరింగు కాలేజీలో చదువుతూ, ఎండాకాలం సెలవులకు ఒక కొయ్యకాలు చేసుకొచ్చాడు. పైన మోకాలు ఆనించుకునే గుంట, తొడకు బిగించే పట్టీ, కింద మడమలో స్ప్రింగు. అది తాత స్నేహితుడు హుసేనప్ప కోసం. బండిచక్రం కింద పడి మోకాలి దిగువ కాలు పోగొట్టుకున్న హుసేనప్ప, నిరుడు ఎవరో చేసిన కాలు కట్టుకొని నడిసంతలో బోర్లా పడ్డాడు. జనం నవ్వారు. "ఇంకోతూరి పడితే ఇల్లు కదల్ను" అని ఒట్టేసుకున్నాడు.

తాత కొయ్యకాలి చుట్టూ, ఎద్దును బేరమాడుతున్నట్టు తిరిగాడు.

"ఇందులో ఏదో మతలబు ఉండాది. ఈడ పెట్టి పో."

"తప్పు యాడుండాదో చెప్పు తాతా!"

"తెలిస్తే అది మతలబు ఎట్లయితాదిరా?"

మర్నాడు "మడమ జారుతాండాది" అన్నాడు. పుల్లన్న రబ్బరు వేశాడు. ఆ మర్నాడు "పట్టీ కరుస్తాండాది" అన్నాడు. "కరిచేదానికి అదేమన్నా కుక్కనా?" అని గొణుక్కుంటూనే పుల్లన్న మెత్త కుట్టాడు. ప్రొఫెసరు మెచ్చిన కాలు తాత కంటికి ఆనదా అని వాడికి ఉక్రోషం. పైగా తాత కుంటుతున్నాడు. అడిగితే "ఎద్దు తన్నింది" అంటాడు. ఆ ఇంటి ఎడ్లకు ఈగను తోలుకునే ఓపిక కూడా లేదు! ఈసారి అనుమానం మనవడికి పట్టుకుంది.

తెల్లవారుతూనే తాత వెనకే వెళ్ళాడు. ఎండిన వంకలో తాత తన కుడికాలు మడిచి, తలగుడ్డతో తొడకు కట్టేసుకొని, కొయ్యకాలు మీద గులకరాళ్ళలో నడుస్తున్నాడు. దబ్బున పడ్డాడు. లేచి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మళ్ళీ నడిచాడు.

"తాతా! ఏందిది?"

తాత ఉలిక్కిపడ్డాడు. "పడేదేదో నేనీడ పడితే, వాడు సంతలో పడడు కదరా. నీ కాలు శానా బాగుండాది. నేలనే నమ్మేదానికి లేదు."

సంతరోజు హుసేనప్ప కొత్తకాలు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాడు. పడలేదు. తాత పక్కనే కుంటుతూ, దారిపొడుగునా ఇన్స్పెక్టరు కథా ఎడ్ల కథా చెప్పాడు. వంక కథ మాత్రం చెప్పలేదు.

"ఏం తిమ్మయ్యా, నాకన్నా నువ్వే ఎక్కువ కుంటుతాండావే!" అన్నాడు హుసేనప్ప.

"ఎద్దు తన్నిందప్పా."

పుల్లన్న నోరు తెరవబోతే తాత గుడ్లురిమాడు. హుసేనప్ప ఆగి, తాత మొహంలోకి చూశాడు, మనవడి మొహంలోకి చూశాడు.

"ఇందులో ఏదో మతలబు ఉండాది" అన్నాడు.