చుక్కల గీతలు కలిసిపోయిన వారం

నిరుడు మార్చిలో, ఒక బుధవారం ఉదయం, ఆర్.ఎస్. పురంలోని నా టైపింగ్ షాపులో రూతు తన థీసిస్ పేజీ ఒకటి ఎత్తి చూసి, మిగతా కాపీలూ గబగబా తిరగేసింది. తను చుక్కలతో గీసిన బాణాలన్నీ నిండు గీతలై ఉన్నాయి. ఒక్క పేజీలో కాదు, అయిదు కాపీల్లోనూ. శుక్రవారం సాయంత్రంతో ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. అది దాటితే ఎనిమిదేళ్ళ పరిశోధన చేజారినట్టే.

దినపత్రికలో ప్రూఫులు దిద్దడం మానేశాక ఈ షాపు పెట్టాను. గణితం థీసిస్‌లో టైపు సగం పనే. గ్రీకు అక్షరాలు, బాణాలు మెషీన్లో ఉండవు. అక్కడ ఖాళీ వదులుతాం. రాసినవాళ్ళు ప్రతి కార్బన్ కాపీలోనూ ఇంకుతో నింపుకోవాలి.

రూతు కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్ టైమ్‌గా పిహెచ్.డి.లో చేరింది. నాలుగేళ్ళు చాలనుకుంది. నాలుగో ఏట, తను పట్టుకున్న సమస్యనే విదేశంలో ఎవరో తేల్చి అచ్చు వేయించారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

గుర్తులు నింపి నింపి రూతు మణికట్టు వాచింది. అందుకని మిగతావి నింపడానికి తల్లి మరియమ్మ కూర్చుంది. ఆమెది సింగానల్లూరు మిల్లులో కోన్ వైండింగ్, అంటే నూలును కోన్లకు చుట్టే పని. పోగు తెగితే క్షణంలో ముడి వేయాలి. చదువు రాదు. అయినా నమూనా చూసి ఆమె దించిన గుర్తుల్లో నాకు ఒక్క తప్పూ దొరకలేదు.

"ఏంటికమ్మా కలిపితివి?" అంది రూతు.

"అంతా తెగి తెగి ఉండాదే పాపా! తెగిన పోగు కండ్లబడితే చెయ్యి ఊరికే ఉండునా? మేస్త్రి చూస్తే తిట్టడా?"

"చుక్కల గీతంటే, ఆ దారి ఉందని ఇంగా రుజువు చెయ్యాలని అర్థం. నువ్వు ముందే ఉందనేస్తివి!"

"ముందే అనుంటే ఎనిమిదేండ్లు మిగిలుండునే."

నాకు నవ్వొచ్చింది. రూతుకు రాలేదు. గీతలు కలిసిపోయిన పేజీలు లెక్కపెట్టింది: ముప్పై ఒకటి. ఇంకు చెరిపితే పోయేది కాదు.

"సార్, శుక్రవారం కండిప్పా ఇచ్చి తీరాల. ఇవి మళ్ళీ టైపు చేస్తారా?"

మిగతా పనులు పక్కన పెట్టాను. మరియమ్మ మిల్లుకు రెండు రోజులు సెలవు పెట్టింది. ఈసారి ప్రతి గీత దగ్గరా ఆగి, "ఇది తెగిందా, తెగలేదా?" అని కూతుర్ని అడిగి గీసింది. శుక్రవారం ఆఫీసు మూయబోతుండగా రూతు కాపీలు అందజేసి రసీదు తీసుకుంది.

ప్రూఫుల్లో నేను దిద్దినవన్నీ అజాగ్రత్త వల్ల పడ్డ తప్పులు. పనితనం వల్ల కూడా తప్పు పడుతుందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు బొమ్మలున్న పేజీ ఎవరి చేతికిచ్చినా, ఏది ముట్టుకోకూడదో ముందే చెబుతున్నాను.

థీసిస్ ముగ్గురు పరీక్షకులకు వెళ్ళింది. ఇద్దరు ఆమోదించారు. పదమూడు నెలలైనా మూడోవారి రిపోర్టు రాలేదు. వైవాకు తేదీ ఇంకా వేయలేదు.