పప్పునూనెతో సరస్సులోకి

ఆ రోజుల్లో ఐర్లండ్‌లోని కార్క్‌లో ఎటు చూసినా క్రేన్లే ఉండేవి. ఉద్యోగాలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవి. అందుకే కాబోలు, నాకు రానిదంటూ ఏదీ లేదని నమ్మేవాణ్ణి. అక్కా బావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావ అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే పెద్ద విషయాలేవీ కాక ఈ ఈత సంగతే ముందుకొస్తోంది.

మా ఆఫీసు పైఅధికారిణి ఏడాది పొడవునా సరస్సుల్లో ఈదే మనిషి. (చాటుగా కెప్టెన్ అనేవాళ్ళం.) ఒకరోజు భోజనాల దగ్గర, గోదావరి కాలువలు అడ్డంగా ఈదేశానని కోతలు కోశాను. "అయితే శనివారం మాతో రా," అంది ఆవిడ. అందరూ విన్నారు, ఇక తప్పించుకోలేను. ఇంట్లో చెబితే బావ బాగా ఆలోచించి, "సముద్రాలు ఈదేవాళ్ళు చలికి ఒళ్ళంతా కొవ్వు పూసుకుంటార్రా. మనకి పప్పునూనె ఉందిగా," అన్నాడు. "అది దీపావళి తలంట్లకి దాచాను," అంది అక్క. "వీడు ఉంటేనే కదే దీపావళి," అన్నాడు బావ. సీసా ఖాళీ అయింది.

వేసవే. (ఇక్కడ వేసవి అంటే స్వెట్టర్ కాస్త పలచబడడం.) చుట్టూ పచ్చికలో ఆవులు, సరస్సులోకి కట్టిన చెక్క జెట్టీ. కెప్టెన్ నా నెత్తిన నారింజరంగు టోపీ పెట్టి, "దూకొద్దు. మెల్లగా దిగి, ఊపిరి కుదిరేదాకా నిలబడు. ఒడ్డు వెంబడే, నా పక్కనే ఈదు," అంది. ఆఫీసువాళ్ళంతా చూస్తుండగా ముసలమ్మలా మెల్లగా దిగడం నామోషీ అనిపించింది. జెట్టీ చివరికి పరుగెత్తి దూకాను.

చలి అన్న మాట దానికి సరిపోదు. ఊపిరి లోపలికి వస్తోంది గాని బయటికి పోవడం లేదు. చేతులూ కాళ్ళూ నా మాట వినడం లేదు. కెప్టెన్ ఈదుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది, జారిపోయింది. భుజం పట్టుకుంది, అదీ జారింది. "ఏం పూసుకొచ్చావయ్యా నువ్వు?" అనడిగింది. ఒడ్డు నుంచి, నాకు తోడొచ్చిన బావ గొంతు వినిపించింది. "ఒరే, కొట్టుకోకురా. వెల్లకిలా పడుకో. మీ అక్కకి ఏం చెప్పాల్రా నేను, వెధవా." చూస్తే ఆయన బూట్లతోనే నడుందాకా నీళ్ళలోకి వచ్చేశాడు. బావకి ఈత రాదు. ఆయన ఇంకో అడుగు వేస్తాడేమోనన్న భయంతో వెల్లకిలా పడుకున్నాను. కాసేపటికి ఊపిరి కుదిరింది. కెప్టెన్ నా కేసి రబ్బరు ట్యూబు తోసి, "గ్రాండ్, యు ఆర్ గ్రాండ్," అంటూ లాక్కుపోయింది. (ఏం ఫర్వాలేదు అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.)

ఒడ్డున తన కోటు నాకు కప్పి బావ నాడి చూడబోయాడు. "దొరకదేంట్రా," అన్నాడు. "నూనె బావా, జారుతోంది," అన్నాను. జారడమే కాదు, ఆయన వేళ్ళు వణుకుతున్నాయని చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు.

ఇప్పటికీ ఆ సరస్సుకి వెళుతుంటాను. తోడు లేకుండా దిగను. నీళ్ళలో నిలబడి ఊపిరి కుదరడం కోసం చూస్తూ, అప్పుడు జెట్టీ మీంచి దూకినవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. వాడికి ఒడ్డున బావ ఉన్నాడు.