పరీక్షించని మట్టి

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం నా మెడలో గుదిబండలా వేలాడుతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. వాన ఏ వేళకు మొదలైందో కూడా రాస్తాను. అందులో తప్పుడు మాట ఒక్కటే: "కోటమ్మక్క మట్టి పరీక్షించాను."

పరీక్షించలేదు. మర్నాడు ఆమె ఊళ్లో, ఆమెతో పాటు రైతులందరికీ మట్టి ఫలితాల కార్డులు పంచాలి. మట్టి సంచులు ఇంకా మిగిలే ఉన్నాయి. అలాంటప్పుడు పక్క చేను అంకెలే వేసేవాళ్లం. అక్క చేను పక్కది ఎరువెరుగని కంది చేను. ఆమెది ఏళ్ల తరబడి మిరపకు భాస్వరముండే డీఏపీ గుమ్మరించిన నేల. అది నాకు తెలియదా? తెలుసు. అయినా "భాస్వరం తక్కువ" అని రాసి, మొక్క నాటే గుంటగుంటకూ భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేటు వేయమన్నాను.

అక్క మిరప మానేసి, మాచర్ల అవతలి కొండల్లో తానే ఏరుకొచ్చిన గింజలతో నారేప, ఏగిస లాంటి అడవి చెట్ల మొక్కలు పెంచి నాటింది. ఆ ఎకరంలో అడవి లేపాలని ఆమె పంతం. మూడో నెలలో ఒక కొమ్మ పట్టుకుని ల్యాబుకొచ్చింది. ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రమే పచ్చగా ఉన్నాయి.

"ఏంది తమ్ముడూ ఇది? నువ్వు రాసిచ్చినంతే ఏశా, పిడికెడు ఎక్కువెయ్యలా. మా ఆయనేమో, ఏమే, నీ అడవికి కామెర్లొచ్చినయ్యని ఒకటే ఎగతాళి."

"అడవి చెట్టు చేల్లో బతకదక్కా."

"అంతేనంటావా?"

"అంతే."

ఆమె వెళ్లాక, అరలో మిగిలిన ఆమె మట్టిని పరీక్షించాను. భాస్వరం విపరీతంగా ఉంది. అంత భాస్వరముంటే ఇనుము, జింకు వేరుకు అందవు. అడవి చెట్ల వేళ్లను సాకే బూజు కూడా నిలవదు. గుంటల్లో మట్టి తీసేసి కొండమట్టి నింపమంటే కొన్నయినా బతికేవేమో. ఆమె బస్సెక్కే బస్టాండు ఎంత దూరమని? పరుగెత్తి చెప్పలేకపోయానా? కార్డు మీద సంతకం నాది. కదల్లేదు. వేసవిలో ఆమె అన్నీ పీకేసి, తొలకరికి మళ్లీ మిరప వేసింది.

మొన్న టీ కొట్టు దగ్గర ఒక రైతు ఇంకొకరితో అంటున్నాడు: "అడవి చెట్టు చేల్లో బతకదంట్రా. కోటమ్మక్కే ఏసి చూసింది."

నా అబద్ధం ఆమె అనుభవమై ఊరంతా తిరుగుతోంది! ఆ మాట విని ఎందరు నాటడం మానుకున్నారో ఏ డైరీ చెబుతుంది? క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు.

ఈ ఉదయం ఆ పాత పేజీ తీశాను. ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. దాని కింద "పరీక్షించలేదు" అని రాశాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను: అడవి చెట్టు చేల్లో బతకదన్న ఆ మాట అక్కది కాదు. నాది.