డ్రమ్ములో నల్లమట్టి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఫాల్గుణ మాసంలో, సూర్యాపేటలో ఒక ఇంటికి మల్లె చెట్టు మార్చే పని మీద నన్ను పంపారు. అప్పుడు నేను మిర్యాలగూడ రోడ్డు మీది ఒక నర్సరీలో పెద్ద మాలీని. నర్సరీలో ఓనరు తర్వాత సూపర్‌వైజరు, ఆయన తర్వాత పెద్ద మాలీ, కింద మాలీలు, అందరికంటే కింద గుంతలు తీసి మట్టి మోసే హెల్పర్లు. నేను హెల్పర్‌గా చేరి పెద్ద మాలీగా పని మానేశాను. చదివింది త్రిపురారం బడిలో మూడో తరగతి వరకే. మిగతాదంతా తిట్లు తిని నేర్చుకున్నది.

ఫాల్గుణం మాకు ఊపిరాడని నెల. ఎండలు ముదరక ముందే ఇండ్లన్నీ తిరగాలి. బయట మందారాలకు, కరివేపాకుకు కొసలు కత్తిరించాలి. వేర్లు నిండిపోయిన కుండీలకు మట్టి మార్చాలి. ఇంటి లోపలి మొక్కల ఆకుల మీద దుమ్మును తడిబట్టతో తుడిచి, వెలుతురు అన్ని వైపులా తగిలేలా కుండీలను తిప్పి పెట్టాలి. మొక్క కొనేటప్పుడు అందరూ ఆకు చూస్తారు. కుండీ అడుగున బొక్క ఉందా లేదా అని ఎవరూ చూడరు. ఇంట్లో మొక్కలు చచ్చేది నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది.

సూర్యాపేట ఇల్లు విమలమ్మది. పేరు మార్చి రాస్తున్నాను. భర్త బడిపంతులుగా చేసి చనిపోయాడు. రోడ్డు వెడల్పు పనిలో ఆ ఇంటి వాకిలి మొత్తం, ముందు గది సగం పోతున్నాయి. గోడ మీద ఎర్ర గీత అప్పటికే గీసి ఉంది. ఉగాది దాటగానే కూలగొట్టే మిషన్ వస్తుందని చెప్పి పోయారట. ఆమె కోదాడలో చిన్నకొడుకు కిరాయికుంటున్న మేడ మీది ఇంటికి పోతోంది. వాకిట్లో ఉన్న ఒక్క మల్లె చెట్టును డ్రమ్ములో పెట్టి అక్కడికి చేర్చాలి. అదీ పని.

కాలం కాని కాలం అది. మల్లెకు పుష్యంలో నీళ్లు ఆపి ఎండగట్టాలి, ఆకు దూసేయాలి, కొమ్మలు కత్తిరించాలి. మాఘంలో ఎరువు వేసి నీళ్లిస్తే ఫాల్గుణానికి మొగ్గ తొడుగుతుంది. విమలమ్మ చెట్టు ఆ పద్ధతి ప్రకారమే పెరిగినట్టుంది, ఒళ్లంతా మొగ్గే. చెట్టు మార్చడానికి మంచి అదను వానలు పడ్డాక. ఆమెకు నేను చెప్పిన మొదటి మాట ఇది:

"మొగ్గ మీదున్న మల్లెను కదిలిస్తె నిండు చూలాలిని బండెక్కించినట్టే అమ్మా. వానల దాక ఆగరాదా?"

ఆమె నా మొఖం చూడలేదు. గోడ మీది ఎర్ర గీత చూపించింది.

పని పద్ధతి చెప్పాను. మొగ్గంతా గిల్లేయాలి, కొమ్మలను మోకాలెత్తుకు కొట్టేయాలి, ఆకు దూసేయాలి. మొదలుకు మూరెడు దూరంలో చుట్టూ గుంత తీసి వేర్ల గడ్డను పైకెత్తాలి. గడ్డ చుట్టూ తడి గోనెసంచి చుట్టి సుతిలి తాడుతో బిగించాలి. డ్రమ్ములో పెట్టే ముందు పాత మట్టిని దులిపేసి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన మా మిశ్రమం పోయాలి. ఆ చివరి మాట దగ్గర ఆమె అడ్డం పడింది.

"మట్టి దులపొద్దు అంజమ్మా. చెట్టు కింది మట్టంత రావాలె."

"మట్టితోని ఏం పనమ్మా? మా తాన మంచి ఎర్రమట్టి ఉన్నది."

"ఎంత మంచిదైనా నాకొద్దు. ఈ మట్టే కావాలె."

వాళ్ల వాకిట్లోది నల్లరేగడి. చేనులో దానికి మించింది లేదు. డ్రమ్ములో మాత్రం అది చెట్టుకు పగ. నీళ్లను పట్టుకుని వదలదు, గాలి ఆడనివ్వదు, వేరు కుళ్లిపోతుంది. ఎండితే నెర్రెలిచ్చి పలుగుతుంది, పలిగినప్పుడు సన్న వేర్లను తెంపుతుంది. ఇదంతా వివరంగా చెప్పాను. ఆమె విన్నది. విని, మళ్లీ అదే మాట అన్నది. ఇట్లాంటి మొండివాళ్లను చాలామందిని చూశాను కనుక, పని మొదలుపెట్టాక చూద్దామనుకున్నాను.

గుంత తీసేది హెల్పర్ యాదయ్య. యాభై దాటినవాడు, గడ్డపార పట్టాడంటే ఒక్క వేరు అనవసరంగా తెగదు. నోరే ఆగదు. విమలమ్మ గుంత పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నెత్తిన ఎండ పడుతున్నా కదల్లేదు.

"జర మెల్లగ తవ్వు నాయనా. ఏమన్న తగిలిందా?"

"రాయి తగిలిందమ్మా."

"రాయేనా? మంచిగ సూడు."

"రాయేనమ్మా. కావాల్నంటె ఇగో, చేతికిస్త."

కొంచెం సేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. యాదయ్య గడ్డపార ఆపి చెమట తుడుచుకున్నాడు.

"లంకెబిందెలు గిట్ల పాతిపెట్టిండ్రా ఏందమ్మా? ఉంటె ముందే చెప్పుండ్రి. మా అంజమ్మక్కకు సగం, నాకు సగం."

"నీ మొఖానికి బిందెలు గూడనా, తవ్వు" అన్నాను నేను.

విమలమ్మ నవ్వలేదు. యాదయ్యను చాయ్ తాగి రమ్మని పంపింది. అతను సందు మలుపు తిరిగేదాకా ఆగి, నాకు చెప్పింది.

ఆమెకు తొలికాన్పు ఆ ఇంట్లోనే అయింది. అప్పుడు ఆ ఇల్లు ఊరి చివర, దాటితే చేన్లే. ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. పసిగుడ్డును కాల్చరు, పాతిపెడతారు. ఊరి బయట పాతితే కుక్కలు, నక్కలు తోడతాయని భర్త వాకిట్లోనే గుంత తీశాడు. ఇంకెవరూ అక్కడ తొక్కకుండా, తవ్వకుండా అత్త దాని మీద మల్లె అంటు నాటింది. విమలమ్మ పురిటి గదిలో ఉంది, ఏదీ చూడలేదు. పిల్లకు పేరు పెట్టలేదు, దినాలు చేయలేదు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్లకు చెప్పలేదు. అత్త పోయింది, భర్త పోయాడు. ఈ సంగతి తెలిసినవాళ్లలో తానొక్కతే మిగిలింది. ఇప్పుడు నాకు చెప్పింది, గుంత తీయించేది నేను కనుక.

"నలభై ఏండ్లు దాటిపాయె. ఏమన్న మిగిలి ఉంటదా అంజమ్మా?"

"మిగల్దమ్మా. పసి ఎముక మెత్తగుంటది. మన్నైపోతది."

"అయితె ఆ మన్ను తీసుకపోవాలె. రోడ్డు కింద పడనియ్య. లారీలు తిరుగుతయి."

ఆమె పట్టుదల నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నల్లమట్టి గుణం మారదు. ఉన్న దారి ఒకటి చెప్పాను. రెండు డ్రమ్ములు పెడదాం, ఒకదాంట్లో ఎర్రమట్టి పోసి చెట్టు, ఇంకోదాంట్లో ఈ మట్టి. చెట్టూ దక్కుతుంది, మట్టీ దక్కుతుంది.

"ఇన్నేండ్లు ఈ చెట్టు ఏం తిని పెరిగింది?"

"ఈ మట్టే తిన్నదమ్మా."

"మరి నా పిల్ల చెట్టుల ఉన్నట్టా, మట్టిల ఉన్నట్టా?"

నేను మొదలు దగ్గరి మట్టిని వేళ్లతో నలిపి చూశాను.

"విడదీయొద్దు. ఒక్కదాంట్లనె పెట్టు" అన్నది.

"ఈ చెట్టు రెండో వానకాలం సూడదు. తర్వాత నన్నంటె నేను పడ."

"సూడకపోతె సూడకపాయె. నిన్నేమనను."

యాదయ్య చాయ్ తాగి వచ్చాడు. అతనికి ఏమీ చెప్పలేదు. మెల్లగా తవ్వమన్నాను, తవ్వాడు. నల్లమట్టి, రాళ్లు, వానపాములు తప్ప ఏమీ కనపడలేదు. గడ్డ చుట్టూ గోనె బిగించాం. విడిమట్టి సంచుల్లోకి ఎత్తాం. గుంత అడుగున మిగిలిన మట్టిని ఆమె కూర్చుని చేత్తో గీకి సంచిలో వేసింది. వద్దనలేదు నేను. కత్తిరించిన కొమ్మలను మాత్రం కట్ట కట్టి నర్సరీకి పంపాను. పనికొచ్చే పుల్లను పారేయడం నావల్ల కాదు.

ట్రాలీ ఆటోలో కోదాడ చేర్చాం. పెద్ద నీలం డ్రమ్మును సగానికి కోసి, కాల్చిన ఇనుప చువ్వతో అడుగున ఎప్పుడూ పెట్టేదానికి రెట్టింపు బొక్కలు పెట్టాను. వాటి మీద పెంకుముక్కలు బోర్లించాను. ఆమెకు తెలిసేలానే అడుగున రెండు చేతుల ఇసుక పోశాను. నేను చేయగలిగింది అంతే. తూర్పు బాల్కనీలో పెట్టించి, వడగాలి రోజుల్లో మధ్యాహ్నం హాలులో కిటికీ దగ్గరికి జరపమని చెప్పాను. కొడుకు మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. డ్రమ్ము జరిపేది కోడలు స్వాతి, రోజూ జరిపింది. మంచి పిల్ల.

చెట్టు ఎండాకాలం నిలబడింది. చిగురు కూడా వేసింది. వానలు మొదలై నెల తిరిగేసరికి ఆకు పసుపు రంగుకు తిరిగింది. మట్టి తడిగా ఉండి ఆకు పసుపు తిరిగిందంటే వేరు పోయినట్టు. నేను పోయి మొదలు దగ్గర వేలు పెట్టి చూశాను. కుళ్లు వాసన. పైకి లాగితే మొక్క చేతికి వచ్చేసింది. నేను చెప్పిన రెండో వానకాలం దాకా కూడా ఆగలేదు. విమలమ్మ మంచం మీద నుంచి చూసింది.

కట్ట కట్టి పంపిన కొమ్మల్లో కొన్ని నర్సరీ ఇసుకలో వేరు పట్టాయి. వాటిలో బలమైనదాన్ని ఆమెకు తీసుకుపోయాను.

"మంచిగనే ఉన్నది. కోడలుకియ్యి" అన్నది. తను ముట్టుకోలేదు.

డ్రమ్ము మాత్రం బాల్కనీ నుంచి ఆమె గదిలోకి, కిటికీ కిందికి వచ్చింది. ఆ ఇంటికి మా నర్సరీ ఏడాదికోసారి, ఫాల్గుణంలో, మట్టి మార్చే పనికి పోయేది. ఆ పని ఇంకొకరికి ఇవ్వకుండా నేనే పోయాను. మొదటిసారి స్వాతి నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మీరైనా చెప్పండి పెద్దమ్మా. ఉత్త మట్టికి రోజూ నీళ్లు పోస్తున్నారు. గది నిండా దోమలు. పోనీ పుదీనా వేస్తానంటే ఒప్పుకోవట్లేదు. మా ఆయనేమో నన్నే ఊరుకోమంటాడు."

"ఆ మట్టిల ఏదేసినా రాదు బిడ్డా. తడి లేకపోతె పలుగుతది. పలిగితె నీ గచ్చంత దుమ్మే."

"పారబోస్తే పోలా?"

"ముసలిదాని ముచ్చట. నీకేం బరువు?"

పుదీనా తడినేలలో బాగానే వస్తుంది. ఆ సంగతి స్వాతికి చెప్పలేదు.

విమలమ్మకు వేరుగా చెప్పాను. రోజూ పోయొద్దు, పైమట్టిలో ఒక కణుపు లోతు వేలు పెట్టి చూడు, తడి తగలకపోతేనే గ్లాసెడు పొయ్యి అని. ఇంట్లో మొక్కలకు అందరికీ చెప్పే మాటే. ఆమె దాన్ని మందు చీటీలా పాటించింది. పొద్దున లేవగానే డ్రమ్ము పక్కన కూర్చుని మట్టిలో వేలు పెట్టి చూసేదట. దోమలు తగ్గాయి. స్వాతి ఊరుకుంది.

నేను చేసే పని కూడా మొక్క ఉన్న కుండీకి చేసేదే. పైమట్టిని గుల్ల చేయడం, అంచుల దగ్గర పలుగులు పూడ్చడం, అడుగు బొక్కల్లో మట్టి పేరుకుంటే పుల్లతో పొడిచి తీయడం. గుల్ల చేసేటప్పుడు ఆమె మంచం మీద లేచి కూర్చునేది. లోతుకు పోనిచ్చేది కాదు.

"పైపైన చాలు అంజమ్మా."

ఆమె పోయాక కొడుకు నర్సరీకి ఫోను చేశాడు. డ్రమ్ము తీసుకుపొండి, మాకు జాగ లేదు అన్నాడు. నేను, యాదయ్య ట్రాలీ తీసుకుని పోయాం. పైమట్టి తెల్లబడి, నడుమ రెండుగా పలిగి ఉంది. చివరి రోజుల్లో దవాఖానలో ఉంది కనుక నీళ్లు పోసేవాళ్లు లేరు.

"ఈ మట్టెందుకు పెట్టుకున్నదో మా అమ్మ. మీకేమన్న చెప్పిందా?" అని కొడుకు అడిగాడు.

"మల్లె మట్టి కదా బాబూ. ఆశ" అన్నాను. కొడుకులకు చెప్పమని ఆమె నాకు చెప్పలేదు.

యాదయ్య మట్టిని నర్సరీలో మిశ్రమం కుప్ప దగ్గరికి మోసుకుపోతుంటే ఆపాను. అక్కడ వేస్తే జల్లెడ పడతారు, నలుగురి కుండీల్లోకి పోతుంది. బావి గట్టు అవతల, ఎవరూ నడవని చోట గుంత తీయించి అందులో పోయించాను.

"ఉత్త మట్టికి గుంతేందక్కా?" అన్నాడు.

"చెప్పిన పని చెయ్యి" అన్నాను. చేశాడు. డ్రమ్ము కడిగి నిమ్మ మొక్క పెట్టాం. మంచి డ్రమ్ము అది.

పని మానేసే ముందు కొత్త మాలీలకు నేర్పమని ఓనరు నాకు చెప్పాడు. మిశ్రమం పాళ్లు, బొక్కలు, పెంకులు, ఎండగట్టడం అన్నీ నేర్పాను. వాటితోపాటు ఒక పద్ధతి కొత్తగా పెట్టాను. ఎవరి ఇంట్లోనైనా పాత మట్టిని తీసేసే ముందు ఆ ఇంటి పెద్దామెను అడగాలి: "ఈ మట్టి పారబోయొచ్చా?" అని. మట్టికి కూడా అడగాలా అని దాదాపు అందరూ నవ్వుతారు. నవ్వితే పారబోయాలి. నేనున్నన్నాళ్లలో ఇద్దరు నవ్వలేదు. ఆ రెండు ఇండ్లలో మట్టిని ముట్టుకోలేదు, ఎందుకని అడగలేదు.