ఆటోసేవ్‌ని నమ్మని మా రాజు బావ

నిన్న పొద్దున వండూర్‌లో ఒక ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పాట ఎత్తుకున్నామో లేదో జేబులో ఫోన్ మోగింది. మా చెల్లి కరుణ.

"అన్నయ్యా, ఆయన వెళ్లిపోయారు."

పాట వదిలేసి బయటికొచ్చాను. మొన్న సాయంత్రమే హాస్పిటల్లో చూసి వచ్చాను. నవ్వాడు కూడా.

డాలీగంజ్ రాజు. మా చెల్లి భర్త. నాకు ఆయన బావ, ఆయనకి నేను బావ. ఫెర్రీ ఇంజిన్ రూమ్‌లో డ్యూటీ. ఇంటికొస్తే చేతిలో కంట్రోలర్.

టీవీకి తగిలించి ఆడే ఆ గేమ్ కన్సోల్ మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు, పాస్టర్‌నైన నాకు బైబిల్ వాక్యం మీద కూడా లేవేమో!

డిస్కే కొనాలి, డౌన్‌లోడ్ వద్దు. ఇది ఫస్ట్ కమాండ్‌మెంట్.

"డిస్క్ అంటే సొంతిల్లు బావా. డౌన్‌లోడ్ అద్దె కొంప. ఓనర్ ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో తెలీదు."

చెన్నై నుంచి షిప్‌లో మన దీవులకి ఎవరొచ్చినా ఆయన ఆర్డర్ ఒక్కటే, డిస్క్.

ఆన్‌లైన్ సర్వీసులంటే మరీ మంట. నెలనెలా కడుతున్నంతకాలం అన్ని ఆటలూ మనవేనట, ఆపిన రోజు ఒక్కటీ మనది కాదట. "ఇదేం న్యాయం?" అని నన్ను నిలదీసేవాడు, ఆ కంపెనీకి నేనే పాస్టర్‌ని అయినట్టు.

సముద్రం కింద కేబుల్ రాకముందు మన నెట్ ఎంత నెమ్మదో గుర్తుందిగా? ఆన్‌లైన్‌లో ఆడుతుంటే హైదరాబాద్ పిల్లలు ఏడిపించేవారు. "అంకుల్, మీరు ఇందాకే చచ్చిపోయారు!"

"అరే భయ్యా, నేను కొట్టింది సముద్రం దాటి రావద్దా? రుకో!"

ఒకసారి ఆయన ప్రాణం పెట్టుకున్న ఆటకి కంపెనీవాళ్లు ఆన్‌లైన్ సర్వర్ మూసేశారు. డిస్క్ ఉంది, మెషీన్ ఉంది, ఆట మాత్రం తెరుచుకోదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను ఊరుకుంటానా? "చూశావా బావా! చిమ్మెట కొట్టే చోట ధనం దాచుకోవద్దని ప్రభువు ఎప్పుడో చెప్పాడు!"

"చిమ్మెట కాదు బావా, కంపెనీ" అన్నాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది సేవ్ సంగతి.

ఆటల్లో ఆటోసేవ్ అని ఒకటి ఉంటుంది. మనం పట్టించుకోకపోయినా, ఆడినంతవరకు అదే దాచిపెడుతుంది. బావ దాన్ని అస్సలు నమ్మడు. తనే ఆపి, తనే సేవ్ కొట్టి, అయ్యిందని తెర మీద కళ్లారా చూసుకునే లేస్తాడు.

"కరెంట్ మనకి చెప్పి పోదు బావా."

వినండి! ఈ మాట పట్టుకుని నేను సిప్పీఘాట్ కూడికలో గొంతు పోయేదాకా ప్రసంగించాను! తండ్రి సంఘపెద్ద అయితే కొడుకు ఆటోసేవ్ అవ్వడు! ఎవడి మోకాళ్లు వాడే వంచాలి! ప్రభువు దినం దొంగలా వస్తుంది, కరెంట్ చెప్పి పోదు!

జనం ఆమెన్, ఆమెన్ అన్నారు.

రాజు బావ వాళ్ల నాన్న సంఘపెద్దే. కొడుకు మాత్రం ఆదివారం పూట ఇంట్లో గేమ్ ముందు. ఆయన ఆత్మ ఏమైపోతుందోనని నాకు ఎప్పుడూ అదే దిగులు.

మన కూడికల్లో తమిళం వాళ్లు, బెంగాలీ వాళ్లు, రాంచీ వాళ్లు అందరూ ఉంటారు. రక్షణ పొందావా అంటే ఎవరికి అర్థమవుతుంది? అందుకే "సేవ్ అయ్యావా?" అని అడగడం నాకు అలవాటు.

ఒకరోజు ఆయన ఇంటి గుమ్మంలో నిలబడి అదే అడిగాను, గట్టిగా. ఆయన చెవులకి హెడ్‌ఫోన్. సగమే వినపడింది.

"ఎక్కడ బావా! సేవ్ కొట్టే చెక్‌పాయింట్ ఇంకా దూరం. కూర్చో, చాయ్ తాగు."

చెప్పులతో సహా లోపలికి వెళ్లిపోయాను. "నేనడిగింది నీ ఆత్మ సంగతి!"

వంటింట్లో కరుణ పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"మా నాన్న పేరు చెప్పుకుని సేవ్ అయ్యాననలేను బావా. నువ్వు అడగొద్దు. అయిన రోజు నేనే చెప్తా."

ఆ తర్వాత అడగలేదు. నన్ను ఎరిగినవాళ్లకి తెలుసు, నోరు మూసుకోవడం నాకెంత కష్టమో.

తర్వాత బావకి కిడ్నీలు పోయాయి. డయాలసిస్. సూదులు గుచ్చీ గుచ్చీ ఆ చెయ్యి కంట్రోలర్ కూడా పట్టలేకపోయింది. అయినా అడగలేదు. మొన్న కూడా నాలుక కరుచుకుని, ప్రార్థన చేసి వచ్చేశాను.

అందుకే నిన్న ఫోన్‌లో ఏడుస్తున్న చెల్లిని ఒకటే అడిగాను.

"ఏమైనా అన్నాడా అమ్మా?"

"తెల్లారాక పాట పాడమన్నారు అన్నయ్యా. పాడాను. చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు, నిద్రపోయారనుకున్నా. తర్వాత నన్ను పిలిచి, 'బావకి చెప్పు, సేవ్ అయ్యింది, నేనే చేసుకున్నా' అన్నారు. పాపం, మత్తులో ఏ గేమ్ గుర్తొచ్చిందో."

"గేమ్ కాదమ్మా."

 వండూర్‌లో ఆ ఇంటి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. అందరూ దుఃఖం అనుకున్నారు. దుఃఖమే. కానీ స్తోత్రం కూడా! ఇన్నాళ్లూ నా గుండె మీదున్న బండ దొర్లిపోయింది.

"నమ్మకుండానే పోయాడా?" అని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్లకి ఇదే నా జవాబు.

గేమ్స్ టైం వేస్ట్ అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ డిస్కులు ఎవరికీ ఇవ్వొద్దని కరుణకి చెప్పాను. బావ సొంతిల్లు కదా.

ఈరోజు సాయంత్రం సమాధి కార్యక్రమం. రండి.

వెళ్లు బావా. అక్కడ సర్వర్ మూసేవాడు లేడు. కరెంట్ పోదు.

ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.