పరామర్శకు పుర్రె కేకు

తల్లి పోయిన ఇంటికి పుర్రె ఆకారంలో కేకు చేయించి పట్టుకెళ్ళినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ నేనే. ఏడేళ్ళ కిందటి మాట. ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో అద్దె ఫ్లాటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు తెలియనిది లోకంలో లేదన్న నమ్మకం. ఏ విషయమైనా ఫోనులో పది నిమిషాలు చదివి, అందులోనే పుట్టి పెరిగినవాడిలా ఉపన్యాసం దంచేవాణ్ణి. మా మేనేజరు రికార్డోది మెక్సికో. తల్లి పోయిందని కబురొస్తే వెళ్ళి, రెండు వారాల తర్వాత తండ్రిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ శనివారం పలకరించి రావాలనుకున్నాను.

"నాలుగు పళ్ళు పట్టుకెళ్ళి, కాసేపు కూర్చుని వచ్చేయండి" అంది నా భార్య సునీత.

"పళ్ళేమిటి? మెక్సికోవాళ్ళకి చావంటే పండగ. పంచదారతో పుర్రెలు చేసి, రంగులద్ది, నుదుటి మీద పేరు రాసి, బంతిపూల మధ్య పెట్టుకుంటారు."

"ఎప్పుడు పెట్టుకుంటారట?"

"నవంబర్లో. ఆ రోజు పోయినవాళ్ళు ఇంటికొస్తారని."

"ఇది మార్చి కదండీ. తద్దినానికి గారెలు వండుతామని, నిన్నగాక మొన్న మనిషి పోయిన ఇంటికి గారెల గిన్నె మోసుకెళ్తామా?"

"నీకు సంస్కృతి అంటే తెలీదులే" అన్నాను. ఆ మాటన్న నోరు ఇప్పుడు దొరికితే నేనే కుట్టేస్తాను.

ఆంగ్ మో కియో అనే పక్క పేటలో ఒక బేకరీకి వెళ్ళి, ఫోనులో పుర్రె బొమ్మ చూపించాను. కౌంటర్ వెనక ఆంటీ దాన్ని చూసి, నన్ను చూసింది.

"బర్త్‌డే ఆ?"

"కాదు ఆంటీ. డెత్. మా బాస్ వాళ్ళమ్మ."

"యూ ష్యూర్ ఆర్ నాట్?"

"ష్యూర్."

ఆమె నిట్టూర్చి, నుదుటి మీద ఏం పేరు రాయాలని అడిగింది. ఆఫీసు మెయిల్ తెరిచాను. రికార్డో తల్లి మరణించారనీ, పూలు పంపదలచినవారు ఎలెనాతో మాట్లాడాలనీ ఉంది. అందులో కనిపించిన ఆడ పేరు అదొక్కటే. ఇంకేం, గులాబీ క్రీముతో 'ఎలెనా' అని రాయించేశాను. అంతటితో ఆగానా? పుర్రెల బొమ్మలున్న చొక్కా ఒకటి కొని తొడుక్కున్నాను. రైల్లో వాళ్ళ భాషలో ఒక మాట కూడా వల్లె వేసుకున్నాను. ఎదురు సీట్లో పిల్లవాడు నన్ను చూసి తల్లి ఒళ్ళో మొహం దాచుకున్నాడు. వాడికున్న ఇంగితం నాకు లేకపోయింది.

రికార్డో భార్య తలుపు తీసింది. ఆమెను చూడటం అదే మొదటిసారి. లోపల పెద్దాయన సోఫాలో, ఒళ్ళో భార్య ఫోటో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని, "ఫెలిసిదాదెస్" అన్నాను. ఆయన పక్కనే ఉన్న రికార్డో వైపు చూశాడు. నేను అట్టపెట్టె తెరిచాను. పుర్రె ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి అందరినీ పలకరించింది.

"ఈ పేరు ఎవరిది?" అంది రికార్డో భార్య.

"మీ అత్తగారిది."

"మా అత్తగారి పేరు రోసా. ఎలెనా నేను." కేకు మీంచి కళ్ళెత్తి, "మా మామగారితో మీరన్న మాటకి అర్థం అభినందనలు అని" అంది.

పన్నెండో అంతస్తు కిటికీ ఎంతో దూరంలో లేదు గానీ, దానికి గ్రిల్ ఉంది.

రికార్డో కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మూర్తీ, మేం చావుని చూసి నవ్వుతామని ఎవరో చెప్పి ఉంటారు. ముందు ఏడుస్తాం. ఏడ్చిన తర్వాత, పోయినవాళ్ళని ఏడాదికోసారి ఇంటికి పిలవడానికి ఆ పుర్రెలు. మా నాన్న ఇంకా రాత్రిళ్ళు మా అమ్మ ఎక్కడుందని అడుగుతున్నాడు" అన్నాడు.

నేను నా చొక్కా మీది పుర్రెల్ని చేతులతో కప్పుకున్నాను. రెండు చేతులు చాలలేదు.

ఇంతలో పెద్దాయన కేకు వైపు వంగి, పేరు చదివి, కోడల్ని చూసి ఏదో అన్నాడు. రికార్డో నాకు అర్థం చెప్పాడు. "రోసా ఉండి ఉంటే ఈ కథ వీధి వీధంతా చెప్పి నవ్వేది అంటున్నాడు." పెద్దాయన సగం నవ్వి, మిగతా సగం ఏడ్చాడు. ఎలెనా అందరికీ కాఫీ ఇచ్చింది. నాకు కూడా ఇచ్చింది, అదీ ఆమె గొప్పతనం.

నవంబర్లో ఎలెనా ఇంట్లో చేసిన పంచదార పుర్రె ఒకటి రికార్డో నా బల్ల మీద పెట్టాడు. నుదుటి మీద నా పేరు. నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

"భయపడకు. బతికున్న స్నేహితులకి కూడా ఇస్తాం. ఎంతటివాడైనా చివరికి ఇంతే అని సరదాగా గుర్తుచేయడానికి" అన్నాడు. "అచ్చులో పోసి, లోపలిదంతా గీకి పారేస్తాం. బుర్ర పూర్తిగా ఖాళీ. చూడగానే ఎలెనాకి నీ పేరే తట్టిందట."

ఆ ఖాళీ బుర్రను ఇంటికి తెచ్చి, దాని మీద చెయ్యి వేసి, సునీత ఎదుట ప్రమాణం చేశాను: ఏ దేశపు ఆచారం గురించైనా, ఆ దేశపు మనిషి చెప్పేదాకా ఇకమీదట నోరు విప్పను. సాక్షిగా ఉండమని ఆమెను బతిమాలాను.

"నేనుండను" అంది సునీత. "రేపు మీరు నోరు తెరిస్తే అబద్ధపు సాక్ష్యం నా మెడకి చుట్టుకుంటుంది."