అక్క కుప్పంలో చదివిన కాలం

మదనపల్లె ఆసుపత్రి నుంచి మా బావ ఫోన్ చేసి, "మీ అక్క లేదమ్మా" అన్నప్పుడు నేను పుంగనూరులో మా పాపకు జడ వేస్తున్నాను. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్న భార్య. నలభై నాలుగేళ్ళు. కామెర్లు ముదిరి పదిహేను రోజుల్లోనే పోయింది. కుప్పం యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆమె రాయాల్సిన ఎమ్మే చివరి పరీక్షలకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి.

ఆమె మంచిదని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ ఆమెను చూసి నేను ఎంత అసూయపడ్డానో చెప్పకుండా ఆమె గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

ఆ క్యాంపస్‌లో ముందు చదివింది నేను. హాస్టల్లో ఉండి ఎమ్మే తెలుగు ఒక ఏడాది పూర్తి చేశాను. ఆ సెలవుల్లోనే పెళ్ళయింది. రెండో ఏడాది హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిపోతుండగానే కడుపొచ్చింది. "ఇంట్లో కూర్చోనే సదువుకోవచ్చు గదమ్మా" అంది అత్త. హాస్టల్ ఖాళీ చేసి వచ్చి, దూరవిద్యలో ఎమ్మే మళ్ళీ మొదటి నుంచి కట్టాను. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. క్లాసులు ఆదివారాల్లో మాత్రమే, మదనపల్లెలో ఒక కాలేజీలో.

అక్క అప్పటికే దూరవిద్యలో బీఏ చదువుతోంది. పదో తరగతిలో మానిపించిన చదువును పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకు మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు ఆవులు, ఇద్దరు పిల్లలు, వంట, వాటి మధ్యే పుస్తకం. పాలు పితుకుతూ పాఠం పైకి అప్పజెప్పుకునేది. ఆదివారం ఇద్దరం ఒకే బస్సులో మదనపల్లె వెళ్ళేవాళ్ళం. నేను వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడు వదులుతారా అని చూసేదాన్ని. పక్క గదిలో మొదటి బెంచీ నుంచి ఆమె గొంతు వినపడుతూనే ఉండేది. ఒకసారి సారు "ఇది పరీక్షకు రాదులేమ్మా" అన్నాడు. "రాకుంటే పోనీ సార్, సెప్పండి, ఇనిపోతాం" అంది. గది గదంతా నవ్వింది. గోడకు ఇవతల నేను నవ్వలేదు. నేను క్యాంపస్‌లో ఉన్న ఏడాది అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదని గుర్తొచ్చింది.

బీఏ అయ్యాక ఒకరోజు, "నేను కుప్పానికి పోయి క్యాంపస్‌లో ఎమ్మే సదవతా" అంది. అత్త ముక్కున వేలేసుకుంది. "ఈ వయసులో హాస్టలేందే? ఇంట్లో ఉండే సదవచ్చు గదా!"

"పుస్తకమైతే పోస్టులో వస్తాది అత్తా. అడిగేదానికి మనిషి రాడు గదా."

బావ "ఆవుల్ని నేను సూసుకుంటాలే" అన్నాడు. అంతే. ఇంట్లో ఆ ఒక్క మాటతో ఆమెకు దారి దొరికింది. అదే మాట నా కోసం ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు కడుపు మంట మొదలైంది.

ప్రవేశ పరీక్షలో ఆమెకు ర్యాంకు వచ్చింది. దరఖాస్తు నింపింది నేనే కాబట్టి అందులో నా ఫోన్ నంబరు ఇచ్చాం. సోమవారం మెసేజి వచ్చింది. గురువారం ఒంటిగంటలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో కుప్పం రావాలి. రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చదివి ఫోన్ పక్కన పెట్టాను. మంగళవారం అడిగింది, "ఏమన్నా వచ్చిందేమ్మా?" లేదన్నాను. బుధవారం మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను.

గురువారం తెల్లవారగానే ఆవుల కొట్టంలోకి వెళ్ళాను. ఆమె పాలు పితుకుతోంది. నన్ను చూసి, "పాపకని తొలి గలాసు ఆడ పెట్టినా, తీస్కపో" అంది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక ఇక దాచలేకపోయాను. "అక్కా, మెసేజి వచ్చింది. ఈ రోజే వెళ్ళాలంట. ఇప్పుడే చూశాను" అన్నాను.

ఆమె చెంబు నా చేతికిచ్చి పరుగెత్తింది. సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని, చీర కూడా మార్చుకోకుండా పలమనేరు మీదుగా వెళ్ళే కుప్పం బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. పన్నెండున్నరకు చేరిందట. సీటు వచ్చింది.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు ఆమె సెలవులకు వచ్చినప్పుడల్లా నాకు నరకంగా ఉండేది. ఏ సారు ఏం చెప్పాడో, హాస్టల్ పిల్లలు తనను "పెద్దక్కా" అని ఎలా పిలుస్తారో చెప్పేది. నా ఎమ్మే పట్టా ఆ మధ్యే పోస్టులో వచ్చింది. సంతకం పెట్టి తీసుకుని బీరువాలో పెట్టాను. ఎవరికీ చూపించలేదు.

ఆసుపత్రిలో చివరి వారం పగళ్ళు ఆమె దగ్గర నేనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం బావ మందులకు వెళ్ళినప్పుడు కళ్ళు తెరిచి, "సీటుకు పోయిన పొద్దే కుప్పం ఆఫీసులో అడిగినారు, మెసేజి సోమవారమే పంపినామే, యాల ఇంత ఆలస్యమని" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మరి నన్నెందుకు అడగలేదక్కా?"

"ఏమని అడగాల? నువ్వు కొత్తగా వచ్చినప్పుడు హాస్టల్ నించి బ్యాగు తగిలించుకోని దిగితే, సూసి నాకు ఒళ్ళంతా మండేది. ఇంట్లో కూర్చోనే సదువుకోవచ్చని నీకు సెప్పమని అత్తకు ఎక్కిచ్చింది నేనే. నువ్వన్నా ఆకరికి సెప్పినావు. నేను అది గూడా సెప్పలేదు" అంది.

తర్వాత ఇదంతా చెప్పినప్పుడు, ఆమెను క్షమించానా అని మా ఆయన అడిగాడు. కోపం వచ్చింది నిజం. ఆ కోపంతోనే ఆమె నోట్లో చెంచాతో నీళ్ళు పోశాను, అదీ నిజం. ఇద్దరం ఒకరికొకరం అడ్డం పడ్డాం. చదువంటే నాతో సమానంగా ఆకలి ఉన్న మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

అంత్యక్రియలకు కుప్పం నుంచి ముప్పై మంది పిల్లలు వచ్చారు. "పెద్దక్కా" అని వెక్కి వెక్కి ఏడ్చారు. రేపు నేను పోతే దూరవిద్య నుంచి ఎవరొస్తారు అనిపించింది. శవం ముందు నిలబడి కూడా అసూయే.

పోయిన వారం బావతో కలిసి ఆమె హాస్టల్ గది ఖాళీ చేయడానికి కుప్పం వెళ్ళాను. చీరలు, పుస్తకాలు రెండు సంచులకు సరిపోయాయి. బావ వాటిని ఆటోలో పెట్టి నన్ను పిలుస్తున్నాడు. మధ్యాహ్నం క్లాసులు వదిలారు. అమ్మాయిలు చేతుల్లో పళ్ళేలు పట్టుకుని, వాటిని చెంచాలతో వాయిస్తూ, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ ఎండలో మెస్ వైపు నడుస్తున్నారు. వరుసలో చివరి అమ్మాయి లోపలికి వెళ్ళేదాకా నేను హాస్టల్ గేటు దగ్గరే నిలబడ్డాను.